బొమ్మ వాళ్ళది, మాట మనది

అక్టోబరు ఆఖరు ఆదివారం ఇంగ్లండులో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజుతో మాకు సాయంత్రాలు అయిపోయినట్టే. డిసెంబరు వచ్చేసరికి మా లీడ్స్‌లో నాలుగు కొట్టకముందే చీకటి పడుతుంది. బయట చలి, సన్నగా వాన, పార్కులో ఉయ్యాలలు తడిసి ఉంటాయి. ఇంట్లో ఏడాదిన్నర పాపో, రెండేళ్ళ బాబో ఉంటారు. వంట కావాలి, ఆఫీసు పని ఇంకా మిగిలే ఉంటుంది, కాసేపు ఎత్తుకుని తిప్పడానికి ఊళ్ళోలాగా పక్కింటి పిన్నిగారు ఉండరు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫోన్లోనూ టీవీలోనూ పండుగ వీడియోలు కుప్పలుగా వచ్చి పడతాయి. గుమ్మడికాయల హాలోవీన్, మన దీపావళి, నవంబరు ఐదున ఇక్కడివాళ్ళ బాణసంచా రాత్రి, క్రిస్మస్, కొత్త సంవత్సరం, ఆ వెనకే సంక్రాంతి.

తెలుగువాళ్ళం ఎక్కడ కలిసినా చంటిపిల్లల తల్లులు నన్ను అడిగేది ఇదే. "అక్కా, మా బుజ్జిదానికి క్రిస్మస్ వీడియో ఏది పెట్టమంటారు? దీపావళిది తెలుగులో ఏమన్నా ఉందా?" నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు బడికి వెళ్తున్నాడు, చిన్నదానికి మొన్ననే మూడేళ్ళు నిండాయి. ఈ ప్రశ్నతో కొన్ని చలికాలాలు గడిపాక నా జవాబు ఒకచోట నిలబడింది. వీలైనంత తక్కువ మాటలున్న వీడియో ఎంచుకోండి, పిల్ల పక్కన కూర్చోండి, ఆ బొమ్మలకు కథ మీరే తెలుగులో చెప్పండి. అలా ఎందుకంటానో కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు వయసు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళు రాని పిల్లలకు తెర వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు వీడియో కాల్ తప్ప ఇంకేమీ వద్దంది. ఆ తరువాత రెండేళ్ళ దాకా, చూపించదలుచుకుంటే మంచివి ఏరి, పక్కన కూర్చుని చూపించమంది. ఇక్కడి పిల్లల వైద్యుల రాయల్ కాలేజీ 2019లో గంటల లెక్క ఏదీ పెట్టలేదు. తెర మీ అదుపులో ఉందా, నిద్ర చెడగొడుతోందా, ఇంట్లో అందరూ కలిసి చేయాలనుకున్న పనులకు అడ్డమొస్తోందా, చూస్తూ చిరుతిళ్ళు తినడం మీ అదుపులో ఉందా అని ఎవరికి వారు అడిగి చూసుకోమంది. వీటిని బట్టి నేను తీసుకున్న నిర్ణయం: ఆర్నెల్ల పాపాయికి "మొదటి క్రిస్మస్" వీడియో అక్కర్లేదు. కిటికీకి వేలాడదీసిన దీపాల దండ ముందు ఎత్తుకుని నిలబడితే ఆ వయసుకు అదే పెద్ద వేడుక.

పాపాయిల పండుగ వీడియో అన్న సరుకు నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జూలీ ఐగ్నర్ క్లార్క్ అనే తల్లి 1990ల నడిమిలో తన ఇంట్లోనే తీసిన వీడియోతో బేబీ ఐన్‌స్టీన్ అనే సంస్థ మొదలైంది. 2000లో వాళ్ళు క్రిస్మస్ సంగీతంతో, బొమ్మలతో, శాంటా పేరు మీద ఒక వీడియో తెచ్చారు. 2001లో డిస్నీ ఆ సంస్థను కొనేసింది. బిడ్డ తెలివి పెరుగుతుందన్న ఆశతో ఎన్నో ఇళ్ళలో ఆ డీవీడీలు కొన్నారు. 2007లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 8 నుంచి 16 నెలల పిల్లల్లో ఇటువంటి వీడియోలు ఎక్కువ చూసేవాళ్ళకు తెలిసిన మాటలు తక్కువగా ఉన్నాయని రాశారు. ఆ లెక్క మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. 2009లో డిస్నీ, డీవీడీలు తిరిగి పంపినవాళ్ళకు డబ్బు వెనక్కిస్తామని ప్రకటించింది.

2010లో జూడీ డెలోచ్ బృందం చేసిన పరీక్ష నాకు ఇంకా పనికొచ్చింది. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకు నెల రోజులు ఇళ్ళలోనే ఇలాంటి వీడియో చూపించారు. అసలు చూడని పిల్లలకన్నా వాళ్ళు మాటలు ఎక్కువేమీ నేర్చుకోలేదు. వీడియో ఊసే లేకుండా అవే మాటలు తల్లిదండ్రులు మామూలుగా ఇంటి పనుల మధ్య నేర్పిన పిల్లలే అందరికన్నా ముందున్నారు. వీడియో నచ్చిన తల్లిదండ్రులు మాత్రం తమ బిడ్డ దాన్నుంచి చాలా నేర్చుకుందని గట్టిగా నమ్మారు.

ఇక్కడే మన భాష సంగతి వస్తుంది. ఇంగ్లీషు పిల్లలకు అమ్మ చెప్పకపోయినా నర్సరీలో, బస్సులో, దుకాణంలో వాళ్ళ మాట చెవిన పడుతూనే ఉంటుంది. నా కూతురికి తెలుగు అనేది ఉంటే మా ఇంట్లోనే ఉండాలి, లేదంటే ఫోన్లో వాళ్ళ అమ్మమ్మ దగ్గర. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పాపాయిలకు హిందీలోని ట, త శబ్దాలు వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు రెంటికీ తేడా పట్టారు. పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామందికి ఆ తేడా వినపడటం మానేసింది. చుట్టూ ఆ శబ్దాలు వాడేవాళ్ళు లేకపోతే చెవి వాటిని వదిలేస్తుంది. మన ట, త కూడా అవే కదా. అది చదివిన రోజు నాకు భయం వేసింది.

మరి తెలుగు వీడియోలు పెట్టేస్తే సరిపోతుందా? 2003లో పెట్రీషియా కూల్ బృందం దానికీ జవాబు వెతికింది. తొమ్మిది నెలల అమెరికా పాపాయిలతో చైనీస్ మాట్లాడే మనుషుల్ని నేల మీద కూర్చోబెట్టి ఆడించారు, పుస్తకాలు చదివించారు. సుమారు నెల రోజుల్లో పన్నెండు సార్లు. ఆ పిల్లల చెవికి చైనీస్ శబ్దాల తేడా దొరికింది. అవే మనుషుల్ని, అవే మాటల్ని వీడియోలో చూపించిన పిల్లలకు ఏమీ అంటలేదు. ఎదురుగా మనిషి ఉండి, బిడ్డ కళ్ళలోకి చూస్తూ, బిడ్డ వేలు పెట్టి చూపించినదాని గురించి మాట్లాడితేనే ఆ వయసులో మాట లోపలికి దిగుతుంది.

అందుకే నేను తెలుగు పాటల వీడియోలను కూడా పిల్లలకు పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోవడానికి వాడను. దీపావళికి, సంక్రాంతికి రంగురంగుల బొమ్మలతో తెలుగు పాటలు ఇప్పుడు బోలెడు ఉన్నాయి. వాటిని పిల్లలు పడుకున్నాక నేను వింటాను. రాగం, మాటలు నేర్చుకుంటాను. మర్నాడు స్నానం చేయిస్తూ పాడతాను. ఆ వీడియోలు తల్లులకు మంచి పాఠాలు. ఊరు వదిలి పదేళ్ళయిన నాలాంటివాళ్ళకు మరిచిపోయిన పాటలు మళ్ళీ దొరికాయి, తీసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాలి.

పిల్లలతో కలిసి చూడటానికి మాత్రం మాటల్లేనివి వెతుకుతాను. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం పింగు. 1990లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మట్టిబొమ్మల ధారావాహిక. పింగు ఒక పెంగ్విన్ పిల్ల. అమ్మ, నాన్న, చెల్లి, తాత, మంచుగడ్డలతో కట్టిన ఇల్లు. ఒక్కో భాగం ఐదు నిమిషాలు. వాళ్ళు మాట్లాడేది ఏ భాషా కాదు. ఇటలీకి చెందిన కార్లో బొనోమి అనే నటుడు మొదటి రోజుల్లో అన్ని పాత్రల గొంతులూ తానొక్కడే పలికాడు. గొణుగుడు, అలక, సంబరం అన్నీ అర్థమవుతాయి, ఒక్క మాట కూడా ఉండదు. ఆ కుటుంబం క్రిస్మస్ జరుపుకునే భాగం ఒకటుంది. దాన్ని చూస్తూ నేను చెప్పే తెలుగు కథ ప్రతిసారీ కొంచెం మారుతుంది. ఒకరోజు వాళ్ళమ్మ అరిసెలు వండుతోందన్నాను. చిన్నది నా మొహం వంక చూసి, "కాదమ్మా, బిస్కెట్" అంది. అలా దిద్దినందుకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. చేత్తో పిండి కలిపి చూపించి, అరిసె పిండి ఎలా ఉంటుందో, బిస్కెట్ పిండి ఎలా ఉంటుందో ఆ పూటంతా మాట్లాడుకున్నాం. ఇంగ్లీషులో గలగలా కథ చెప్పే వీడియో అయితే ఆ మాటలకు సందు ఎక్కడుంటుంది?

రెండోది టిమ్మీ టైమ్. బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ స్టూడియో 2009లో చిన్నపిల్లల కోసం మొదలుపెట్టింది. టిమ్మీ ఒక గొర్రెపిల్ల, నర్సరీకి వెళ్తుంటాడు. గొర్రెపిల్ల గొర్రెలాగే అరుస్తుంది, బాతు బాతులాగే, గుడ్లగూబ మాస్టారు గుడ్లగూబలాగే. దానికీ ఒక క్రిస్మస్ ప్రత్యేక భాగం ఉంది. ఈ దేశంలో డిసెంబరులో చాలా నర్సరీల్లో క్రీస్తు పుట్టిన కథ నాటకం వేస్తారు. మేరీ, జోసెఫ్ వేషాలు పెద్ద పిల్లలకు వెళ్తాయి. రెండు మూడేళ్ళ వాళ్ళందరూ గొర్రెపిల్లలో, నక్షత్రాలో అవుతారు. మా చిన్నది కిందటేడు గొర్రెపిల్ల. దూది అంటించిన టోపీ పెట్టుకుని వేదిక మీద అంతమంది ముందు బెదరకుండా కూర్చుంది. ఇంట్లో టిమ్మీని చూస్తూ మందలో గొర్రెపిల్ల ఏం చేస్తుందో తెలుగులో చెప్పుకోవడం దానికి అక్కరకొచ్చిందని నా నమ్మకం.

"మన పండుగ కాదు కదా, క్రిస్మస్ వీడియోలు పిల్లలకెందుకు?" అని కొందరు పెద్దవాళ్ళు అడుగుతారు. క్రిస్మస్ మన తెలుగువాళ్ళలో ఎంతోమంది పండుగ. మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకుంది. కరువు రోజుల్లో కూలీలకు పని, తిండి దొరకాలని పాస్నెట్ అనే మతబోధకుడు కట్టించిన గుడి అది. ఇప్పటికీ క్రిస్మస్ నాడు అక్కడికి మతభేదం లేకుండా జనం వెళ్తారు. మా గుంటూరు వైపు డిసెంబరు వస్తే ఎన్ని ఇళ్ళ మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయో నేను చిన్నప్పటినుంచీ చూశాను. పక్కింటి పండుగ కథ పిల్లకు తెలియడం మంచిదే. అది మన మాటల్లో తెలియాలన్నదే నా పట్టుదల.

మాటల్లేనివాటిలో మూడోదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ది స్నోమ్యాన్. రేమండ్ బ్రిగ్స్ 1978లో బొమ్మల్తోనే, ఒక్క మాట లేకుండా వేసిన పుస్తకం. 1982 డిసెంబరు 26న చానల్ ఫోర్‌లో సినిమాగా వచ్చింది. ఆ చానలే అప్పటికి రెండు నెలల పసిది. 26 నిమిషాలు. రంగు పెన్సిళ్ళతో గీసినట్టు మెత్తగా ఉంటుంది, హొవార్డ్ బ్లేక్ సంగీతం, మధ్యలో ఒకే ఒక్క పాట. ఇక్కడ ప్రతి క్రిస్మస్‌కీ వేస్తారు, తాతలూ మనవలూ కలిసి చూస్తారు. ఒక అబ్బాయి చేసిన మంచుమనిషికి అర్ధరాత్రి ప్రాణం వస్తుంది. అబ్బాయి అతనికి ఇల్లంతా తిప్పి చూపిస్తాడు. పొయ్యి వేడికి మంచుమనిషి బెదురుతాడు, ఫ్రీజర్ చల్లదనానికి హాయిపడతాడు. తరువాత ఇద్దరూ గాల్లో ఎగిరి ఉత్తరధ్రువం దాకా వెళ్ళొస్తారు. అక్కడ కలిసే క్రిస్మస్ తాత బ్రిగ్స్ పుస్తకంలో లేడు, సినిమా కోసం చేర్చారు. తెల్లారి అబ్బాయి లేచి బయటికి పరుగెత్తితే మంచుమనిషి కరిగిపోయి ఉంటాడు.

రెండేళ్ళ పిల్లలకు 26 నిమిషాలు ఎక్కువ, ఆ ముగింపు బరువు. మా ఇంట్లో మొదటి ఏడు మంచుమనిషి ఇల్లు చూసే భాగం వరకే చూపించాను. వంటిల్లు, అద్దం, దీపం, బట్టల బీరువా. ఆ వయసు పిల్లకు తెలిసిన వస్తువులన్నీ అక్కడే ఉన్నాయి. ఎగిరే భాగం మరుసటి ఏడు. చివరి భాగం ఎప్పుడు చూపించాలన్నది ఎవరి బిడ్డ సంగతి వాళ్ళకే తెలుస్తుంది. అది కోసేసి సంతోషంగా ముగించడం మాత్రం నాకు ఇష్టం లేదు. పెద్దవాడు నాలుగేళ్ళప్పుడు చూసి, "ఏడి? ఎక్కడికెళ్ళాడు?" అని అడిగాడు. ఎండొచ్చి కరిగిపోయాడు నాన్నా, నీళ్ళయి మట్టిలోకి వెళ్ళాడు అని చెప్పాను. కాసేపు నన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఏడాది తెనాలిలో మా నాన్న పోయారు. తాతయ్య గురించి వాడు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడం ఆ సినిమా వల్ల నాకు కొంచెం తేలికైంది.

మాటలున్న మంచివి లేవని కాదు. జూలియా డొనాల్డ్‌సన్ పుస్తకాల నుంచి తీసిన అరగంటలోపు సినిమాలు బీబీసీలో క్రిస్మస్‌కి వస్తుంటాయి. 2009 క్రిస్మస్ నాడు ది గ్రఫలో, 2015లో స్టిక్ మ్యాన్. ఎంతో శ్రద్ధగా తీసినవి. మూడేళ్ళు దాటాక చూపించవచ్చు. అంతకన్నా చిన్నవాళ్ళకు పుస్తకమే మేలు. స్టిక్ మ్యాన్‌లో ఇంటికి దూరమైన పుల్లనాన్నని పొయ్యిలో పెట్టే ఘట్టం తెర మీద చంటిపిల్లలను భయపెడుతుంది. పుస్తకంలో అయితే పేజీ గబుక్కున తిప్పేయొచ్చు.

వీడియో మంచిదో కాదో చూడటానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. శబ్దం పూర్తిగా ఆపి ఒక నిమిషం చూస్తాను. బొమ్మ మారేలోపు నేను ఒక తెలుగు వాక్యం నిదానంగా పూర్తి చేయగలనా? "చూడు, తాత కర్రతో మంచు ఊడుస్తున్నాడు" అనేలోపు మూడు దృశ్యాలు మారిపోతే అది మాకు పనికిరాదు. క్రిస్మస్ పాటల సంకలనాలని గంట, రెండు గంటల నిడివితో దొరికేవాటిలో చాలావరకు ఈ పరీక్షకు నిలబడవు. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగులు మెరుస్తూ, తల ఊపే శాంటాలు, జింకలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటాయి. 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ పిల్లలకు వేగంగా పరుగెత్తే కార్టూన్ తొమ్మిది నిమిషాలు చూపించి, వెంటనే ఓపిక, శ్రద్ధ కావాల్సిన చిన్న పనులు చెప్పారు. నెమ్మదైన కార్టూన్ చూసినవాళ్ళకన్నా, బొమ్మలు గీసుకున్నవాళ్ళకన్నా ఆ పిల్లలు వెనకబడ్డారు. నాలుగేళ్ళవాళ్ళే తడబడితే రెండేళ్ళవాళ్ళను ఆ వేగం ముందు ఎందుకు కూర్చోబెట్టాలి?

ఇంకో మాట. ప్రతి పండుగకూ కొత్తవి వెతకనక్కర్లేదు. టెలీటబ్బీస్ 1997లో మొదలైనప్పుడు పొట్ట మీది తెరలో పిల్లల ఆటపాటలు ఒకసారి చూపించి, వెంటనే మొత్తం మళ్ళీ చూపించేవాళ్ళు. పెద్దవాళ్ళు విసుక్కున్నారు, పిల్లలు సంబరపడ్డారు. ఆ వయసుకు చూసిందే చూడటంలో ఉన్న ఆనందం వేరు. ఒక సీజనుకు రెండు మూడు చిన్న వీడియోలు చాలు. మూడోసారి, నాలుగోసారి చూసేటప్పటికి తరువాత ఏం జరుగుతుందో పిల్లే తెలుగులో చెప్పడం మొదలుపెడుతుంది.

దీపావళి దగ్గర చిక్కు వేరు. ఇక్కడ నవంబరు ఐదున బాణసంచా కాలుస్తారు. 1605లో పార్లమెంటును పేల్చేయాలని చూసి పట్టుబడ్డ గై ఫాక్స్ గుర్తుగా. దీపావళి అటూ ఇటూగా అప్పుడే వస్తుంది కాబట్టి రెండు వారాలపాటు రాత్రిళ్ళు ఎటు చూసినా ఢాం ఢాం. చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. దాని మీద మళ్ళీ టపాకాయల మోతతో ఉన్న దీపావళి వీడియో పెట్టడం నాకు సబబుగా తోచదు. శబ్దం తీసేసి, నిప్పు పూలు మాత్రం చూపిస్తాను. "ఇది చిచ్చుబుడ్డి, ఇది భూచక్రం, ఇదిగో కాకరపువ్వొత్తి" అంటూ, ఢాం అన్న చప్పుడు నా నోటితో నెమ్మదిగా చేస్తాను. ఆ రాత్రి బయట మోగినప్పుడు పిల్ల నా వంక తిరిగి "ఢాం" అంటుంది, ఏడవదు.

మన పార్టీల గురించి కూడా చెప్పాలి. ఇక్కడి తెలుగు ఇళ్ళలో పండుగ కలయిక అంటే పులిహోర, గారెలు, పది కుటుంబాలు, హాల్లో పెద్ద టీవీలో సినిమా పాటలు. పిల్లలు చూడటం లేదులే అని ఎవరూ ఆపరు. 2008లో ఒక అమెరికా పరిశోధనలో ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలు ఆడుకుంటుంటే వెనక పెద్దవాళ్ళ క్విజ్ కార్యక్రమం పెట్టి ఉంచారు. పిల్లలు దాని వంక చూసింది తక్కువే, అయినా ఒక్కో ఆట మీద నిలిచే సమయం తగ్గింది. అదే బృందం మరుసటి ఏడు, టీవీ మోగుతుంటే తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడటమూ తగ్గుతుందని చూపించింది. మా ఇంట్లో పార్టీకి టీవీ ఆపేస్తాం. మొదట్లో ఇల్లు బోసిపోయినట్టు అనిపించింది. తరువాత అత్తయ్యలు, బాబాయిలు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మొదలైంది.

ఎక్కడ చూస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. బీబీసీ పసిపిల్లల చానల్ సీబీబీస్ 2002 నుంచి ఉంది. ప్రకటనలు రావు, సాయంత్రం ఏడింటికి నిద్రవేళ కథ చెప్పి ముగించేస్తుంది. ముగింపు ఉండటం ఎంత మేలో ఇంట్లో పసివాళ్ళున్నవాళ్ళకే తెలుస్తుంది. యూట్యూబ్‌లో పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారన్న కేసులో 2019లో గూగుల్ 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2020 జనవరి నుంచి పిల్లల వీడియోల మీద, చూసేవారిని బట్టి ఎంచి వేసే ప్రకటనలు ఆపారు. మామూలు ప్రకటనలు వస్తూనే ఉంటాయి. క్రిస్మస్ ముందు వచ్చేవి బొమ్మల దుకాణాలవే. కాబట్టి వీడియో ముందే దించి పెట్టుకోండి, తరువాతది దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఆపేయండి.

ఇక మనవాటిలో పసిపిల్లలకే ప్రత్యేకమైన పండుగ భోగి. ఐదేళ్ళలోపు పిల్లల తల మీద రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, శనగలు, చిల్లర నాణేలు, పూలరేకులు కలిపి భోగిపళ్ళు పోస్తాం. లీడ్స్‌లో రేగిపళ్ళు దొరకనప్పుడు బ్లూబెర్రీలు, బంతిపూల రేకులతో సరిపెడతాం. (నాణేలు, శనగలు పోసిన వెంటనే ఏరేయండి. రెండేళ్ళవాళ్ళ చేతికి చిక్కినవన్నీ నోట్లోకే వెళ్తాయి.) కానీ తెల్లవారుజామున భోగిమంట, ముగ్గులో గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు ఎలా చూపించడం? తెనాలిలో తెల్లవారి ఐదింటికి మంట వేస్తే ఇక్కడ ముందురోజు రాత్రి పదకొండున్నర. పిల్లలు గాఢనిద్రలో ఉంటారు.

అందుకని మా అమ్మ వీడియో తీయించి పంపడం మొదలుపెట్టింది. తమ్ముడు ఫోన్ పట్టుకుంటాడు. అమ్మ గొబ్బెమ్మకు గుమ్మడిపువ్వు గుచ్చుతూ మా చిన్నదాన్ని పేరు పెట్టి పిలిచి, "ఇదేంటో చెప్పు?" అని అడిగి ఆగుతుంది. పిల్ల జవాబు చెప్పేదాకా ఆగినట్టే ఆగుతుంది. తరువాత, "ఆఁ, గుమ్మడిపువ్వు" అంటుంది. రెండు నిమిషాల వీడియో. మా ఇంట్లో జనవరి అంతా అదే నడుస్తుంది. దీనికీ పరిశోధకుల బలం ఉంది. 2011లో ఇరవై ఒక్క నెలల పిల్లలకు ఒక చిన్న పని వీడియోలో చూపిస్తే, తమకు బాగా తెలిసిన ఎల్మో బొమ్మ నేర్పినప్పుడు నేర్చుకున్నారు, ఎన్నడూ చూడని బొమ్మ నేర్పితే నేర్చుకోలేదు. 2014లో రెండు, రెండున్నరేళ్ళ పిల్లలు వీడియో కాల్‌లో తమతో మాట్లాడిన మనిషి దగ్గర కొత్త మాటలు ఎదురుగా ఉన్న మనిషి దగ్గర నేర్చినట్టే నేర్చారు, అదే రికార్డు చేసి చూపిస్తే నేర్వలేదు. అందుకే మాకు రెండూ కావాలి. పొద్దున అమ్మ పంపిన వీడియో, సాయంత్రం భోగిపళ్ళు పోసేటప్పుడు కాల్‌లో అమ్మ. ఇక్కడ నాలుగైతే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అమ్మ మెలకువగానే ఉంటుంది.

ఊళ్ళో ఉన్న అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు నా విన్నపం ఇది. మీ మనవలకు ఏ వీడియో పెట్టాలా అని ఇక్కడ మేము వెతుక్కుంటున్నాం. ఈ భోగికి వెలుగు మీ మొహం మీద పడేలా నిలబడండి, ఫోన్ దగ్గరగా పట్టుకోమనండి, వెనక టీవీ, మైకు లేకుండా చూసుకోండి. ముగ్గు గిన్నె గానీ, రేగిపండు గానీ ఒక్క వస్తువు చేత్తో పట్టుకుని, బిడ్డను పేరు పెట్టి పిలిచి, దాని గురించి నెమ్మదిగా చెప్పండి. ప్రశ్న అడిగాక కాసేపు ఆగండి. రెండు నిమిషాలు చాలు, తీసి పంపండి.